పాట పట్టిన పిల్ల

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. రంగమ్మాళ్‌ను ఎప్పుడు ఎత్తేదీ ఇంకా ఎవరూ చెప్పలేదు. ముత్తియాల్‌పేటలోని ఆ పాత ఇంటి నడవలో శవం కోసం అద్దెకు తెచ్చిన గాజుపెట్టె గుర్రుమంటూ చలి కక్కుతోంది. దాని చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. కాళ్ళ దిక్కున, గోడకు ఆనుకుని చిన్నకోడలు భాగ్యం కూడా కూర్చుంది గానీ ఆమె చూపు అత్త ముఖం మీద లేదు. ఎదురుగోడ మీద గడియారం ఉంది. దాన్ని చూడకుండా ఉండడం ఆమెకు చేతకావడం లేదు.

సాయంత్రం ఆరింటికి ఆమె కూతురు కవిప్రియకు పరీక్ష. రాసే పరీక్ష కాదు, ఆడే పరీక్ష. ఆ పిల్ల మూడేళ్ళుగా డిగ్రీలో నాటకం చదువుతోంది. ఇది ఆఖరి ఏడాది. ఐదుగురు కలిసి ఆడే నాటకంలో ముఖ్యమైన వేషం తనది. మార్కులు వేసే ఆయన తంజావూరు నుంచి వచ్చి ఉన్నాడు, ఆట చూసి తిరుగు బస్సు ఎక్కేస్తాడు. ఇవాళ తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. తన ఒక్కదానికే కాదు, తనను నమ్ముకున్న మిగతా నలుగురికీ అంతే. కాలేజీ ఎంతో దూరం లేదు. ఆటో ఎక్కితే అరగంట.

కానీ శవం ఇంట్లో ఉన్నంతసేపూ ఆ ఇంటి ఆడపిల్ల గడప దాటకూడదు.

కవిప్రియ పెట్టె తల దిక్కున మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. పొద్దున్నుంచీ దాని కంట చుక్క నీరు రాలేదు. అవ్వ మంచం పక్కనే పడుకుని పెరిగిన పిల్ల. పోయిందని తెలిసినప్పటి నుంచీ దాని ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. వచ్చిన ఆడవాళ్ళు అది చూసి ఊరుకోలేదు. నాటకం చదివేదానికి కన్నీళ్ళు కాలేజీలో అయితేనే వస్తాయేమో, ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు కదా అని బాహూరు నుంచి వచ్చిన ఒక ముసలామె అంటే, పక్కనున్నవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

భాగ్యం లేచి వీధిలోకి వచ్చింది. షామియానా వీధికి అడ్డంగా వేశారు. బండ్లవాళ్ళు దిగి తోసుకుంటూ పోతున్నారు. ఆమె బావ ఆదికేశవన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇద్దరు ఒప్పారి ఆడవాళ్ళతో బేరమాడుతున్నాడు. చావింట పాట కట్టి ఏడవడం వాళ్ళ పని. మనిషికి మూడు వందలు కావాలంటారు వాళ్ళు. రెండు వందలకు పైసా ఎక్కువివ్వనంటాడు ఆయన. ఇల్లు ఆయనది, వీధి మొదట్లో బియ్యం అంగడి ఆయనది. ఆ అంగట్లో తూకం వేసి నెలకు రెండువేల ఎనిమిది వందలు తెచ్చుకునే మనిషే భాగ్యం మొగుడు నాగరాజన్, ఆయన తమ్ముడు. అందుకే ఆ ఇంట్లో మాటకు మాట చెప్పే అలవాటు ఎవరికీ లేదు. కవిప్రియ ఫీజు కూడా భాగ్యం టైలరింగ్ షాపుకు రవికెల హుక్కులు కుట్టి, తన చేతుల మీద కట్టుకున్నదే. అడగకుండా కట్టుకుంటోంది గనక ఆదికేశవన్ ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

భాగ్యం విషయం చెప్పింది. ఆయన తలెత్తకుండానే విన్నాడు.

“శవం ఇంట్లో పెట్టుకుని ఆడబిడ్డను ముఖానికి రంగు పూసుకునేదానికి పంపిస్తే, రేపు నేను అంగడి తీసి యా ముఖంతో కూర్చునేదమ్మా?”

“తొందరగా ఎత్తేస్తే, బావా... ఎత్తేసినాకే పోతాది.”

“ఒప్పారి లేకుండా ఎత్తేదా మా అమ్మను? వీళ్ళు చూస్తే ఇంత అడగతా ఉండారు.”

అప్పుడు తట్టింది ఆమెకు ఆ ఆలోచన. తట్టగానే నోరు దాటి వచ్చేసింది కూడా.

“పాప పాడతాది బావా. అత్త పాటలన్నీ దానికి వచ్చు. మూడున్నరకు ఎత్తేస్తే సాలు, అదే పాడతాది.”

ఆదికేశవన్ మొదటిసారి ఆమె వైపు తిన్నగా చూశాడు. పక్కనున్న పెద్దమనిషిని చూశాడు. సొంత మనవరాలు పాడడం ఇంటికి గౌరవమేనన్నాడు ఆ పెద్దమనిషి. “సరి. మూడున్నరకు ఎత్తేస్తాం. ఆ పైన యాడికన్నా పోనీ” అని ఆదికేశవన్ ఆ ఇద్దరికీ వెళ్ళమని చెయ్యి ఊపాడు.

వాళ్ళకు ఆ రోజు కూలి పోయింది. పెద్దామె తాయమ్మాళ్ వెళ్తూ వెళ్తూ భాగ్యం దగ్గర ఆగింది. కోపం లేదు ఆమె ముఖంలో. పాట ఎవరు పట్టుకుంటే శవం గడప దాటేదాకా వాళ్ళే పట్టాలి కదా తల్లీ, మీ ఇళ్ళలో ఆ కట్టుబాటు లేదా అని అరవంలో అడిగింది.

ఉంది. భాగ్యానికి తెలుసు. పాట పట్టినవాళ్ళు మధ్యలో చేతులు మార్చకూడదు. కొత్తగా బంధువుల గుంపు వచ్చినప్పుడల్లా మొదటినుంచీ ఎత్తుకోవాలి. అన్నీ తెలిసే, మూడున్నర అన్న మాట ఒక్కటి పట్టుకుని మిగతావన్నీ మరిచిపోయింది.

కూతురి పక్కన కూర్చుని చెవిలో చెప్పింది.

“నాకు ఏడుపే రాలా అమ్మా. రాకుండా ఎట్ల పాడేది?”

“రాకపోయినా పాడు. కొంచం సేపే. ఆ పైన పోదువు.”

“ఆడ నా వేషం ఏందో తెలుసునా నీకు? మొగుడు సముద్రంలో పోయినామె. నాటకం మొత్తంలో ఒక్కసారన్నా ఏడవదు. దానికే మూడు నెల్లు నేర్పించినారు సార్.”

భాగ్యం కూతురి జడ విప్పి, వెంట్రుకలు భుజాల మీద పరిచింది. పిల్ల కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. కడుపులో నుంచి, లోతుగా, కాలేజీలో నేర్పినట్టు.

*ఏరు నిండిన నాడు నువ్వు నాటిన మడి*
*ఎవరు కోసేరమ్మా, నన్ను పెంచిన తల్లీ*

అది రంగమ్మాళ్ తన తల్లి చచ్చినప్పుడు పాడిన పాట. మనవరాలికి జోల బదులు కూడా అదే పాడేది. నడవలో మాటలు ఆగిపోయాయి. ఆ గొంతు అరిచినట్టు లేదు. అయినా వీధి చివరిదాకా పోతోంది. ఒక్కొక్క పదం పెట్టె మీద వేలితో రాసినట్టు విడివిడిగా వినిపిస్తోంది. అంతకుముందు నవ్విన బాహూరు ముసలామె మొదట ఏడ్చింది. తర్వాత నాగరాజన్ చెల్లెలు పంకజం గుండెలు బాదుకుంది. ఉబ్బసం మనిషి, తనే పట్టవలసిన పాట పట్టలేక ఇందాకటి నుంచీ నొచ్చుకుంటూ ఉంది. ఆడవాళ్ళందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసి వలయం కట్టి ఊగడం మొదలుపెట్టారు. కవిప్రియ మధ్యలో ఉంది. దాని చెంపలు మాత్రం పొడిగానే ఉన్నాయి.

మూడున్నరకు మోసేవాళ్ళు వచ్చారు. కిరుమాంబాక్కం నుంచి పంకజం అత్తవారి వైపు వాళ్ళు వ్యాను మాట్లాడుకుని బయలుదేరారని, వాళ్ళు చూడకుండా ఎత్తితే మాట వస్తుందని ఆదికేశవన్ అన్నాడు. వాళ్ళు వచ్చేసరికి నాలుగు దాటింది. కవిప్రియ మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది. వాళ్ళు ఏడ్చి, కాఫీ తాగుతుంటే, చదువుకున్న పిల్ల ఏం పాడుతోందని పక్క వీధుల ఆడవాళ్ళు కూడా గుంపుగా వచ్చారు. మళ్ళీ మొదటినుంచీ. వాకిట్లో మగవాళ్ళు మాటలు మానేసి వింటున్నారు. ఇలాంటి చావు ఈ వీధిలో చూడలేదని ఎవరో అంటే, ఆదికేశవన్ భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. పిల్ల ఎంత బాగా పాడితే శవం అంతసేపు ఆగుతోందని భాగ్యానికి అప్పుడు అర్థమైంది. చెడగొట్టి పాడమని చెప్పడం ఆమెకు రాదు. అలా పాడడం ఆ పిల్లకూ రాదు.

ఆమె మొగుడి దగ్గరికి పోయింది. నాగరాజన్ కట్టెల లెక్క చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు.

“మీ అన్నకు ఒక్క మాట చెప్పగూడదా. ఐదు కావస్తా ఉండాది.”

“నేనెట్ల అడిగేది?” అన్నాడు ఆయన నేల చూస్తూ. “మా అమ్మను సీక్రం ఎత్తండి అని నేనెట్ల అడిగేది, భాగ్యం?”

అదీ నిజమే. ఆమెకు ఆయన మీద కోపం కూడా నిలవలేదు. లోపలికి వచ్చి, వలయంలో దూరి, కూతురి వీపు తట్టి, ఆపేసి దొడ్డిదారిన పొమ్మంది. కవిప్రియ పాట ఆపింది. ఊగుతున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా ఆగారు.

“సగంలో విడవగూడదు పాపా” అంది పంకజం, రొప్పుతూ. “విడిస్తే ఇంటికి ఇంకో సావు. మీ నాయన అరుగు మీదే నిలబడి ఉండాడు, సూడు.”

కవిప్రియ కిటికీలోంచి చూసింది. నాగరాజన్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల అలాంటివి నమ్మదు. నమ్మదని భాగ్యానికి తెలుసు. అయినా అంతమంది చూపులూ దాని నోటి మీదే ఉన్నాయి. కాసేపటికి గొంతు మళ్ళీ లేచింది. ఈసారి అడుగున ఎక్కడో చిన్న గరగర ఉంది.

రంగమ్మాళ్‌ను ఎత్తేసరికి వీధి దీపాలు వెలిగాయి. తప్పెట్ల మోత మలుపు తిరిగి దూరమైంది. నడవ కడిగారు. ఆడవాళ్ళు స్నానాలకు దొడ్లోకి చేరారు. కాలేజీలో, ఈపాటికి, మిగతా నలుగురు పిల్లలు ఆట ఆడకుండానే రంగు కడుక్కుంటూ ఉంటారు. కవిప్రియ తొట్టి పక్కన రాతి మీద కూర్చుంది. భాగ్యం చెంబుతో నీళ్ళు ముంచి దాని నెత్తి మీద పోస్తోంది.

పంకజం కొంగు పిండుకుంటూ వచ్చి పిల్ల గడ్డం పట్టుకుంది. “దీనికి ఇంక కాలేజి యాంటికి వదినా? అంత విద్య దీని గొంతులోనే ఉండాదే.” తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. కిరుమాంబాక్కంలో వాళ్ళత్త మంచం పట్టి ఉంది, ఇవాళో రేపో. వ్యాన్‌లో వచ్చినవాళ్ళందరూ ఈ పిల్లే పాడాలని అడుగుతున్నారు. పెద్దన్నకు చెప్పేసింది, ఆయన సరేనన్నాడు. “కబురు వస్తానే బండి పంపిస్తాము. పంపించు, ఏం?”

“పంపించను.”

పంకజం అర్థం కానట్టు చూసింది. ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఇరవై రెండేళ్ళలో భాగ్యం నోట కాదన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

“అన్న మాట ఇచ్చినాడు వదినా.”

“ఇస్తే ఆయన్నే వచ్చి పాడమను.”

దొడ్లో ఎవరి చెంబులు వాళ్ళ చేతుల్లోనే ఆగిపోయాయి. పంకజం లోపలికి, బహుశా అన్న వచ్చేదాకా కాచుకోవడానికి, వెళ్ళిపోయింది. భాగ్యం చెంబు మళ్ళీ తొట్టిలో ముంచింది. రేపు అంగట్లో నాగరాజన్ తూకం ముందు నిలబడగలడో లేదో ఆమెకు తెలియదు. కాలేజీ మళ్ళీ చేర్చుకుంటుందో లేదో తెలియదు.

కవిప్రియ తలెత్తి తల్లిని చూసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పెదవులు కదులుతున్నాయి, గాలి ఒక్కటే వస్తోంది. భాగ్యం చెంబు కింద పెట్టి వంగి, ఆ తడి ముఖానికి చెవి ఆనించింది. ఎంతసేపు ఆనించినా ఆమెకు ఏమీ వినపడలేదు.