మాటులో మామగారు

ఆ మధ్యాహ్నం గడ్డి మాటులోకి దూరేసరికే ఖాషేకి సగం ప్రాణం పోయింది. చిరుతపులికి భయపడే మనిషి కాదతను. ఇసుకలో అడుగుజాడ చూసి అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పడం, వేటకొచ్చిన దొరల్ని దాని వెంట నడిపించడం అతని పనే. అసలు సంగతేమిటంటే, మాటులోకి అతనికంటే ముందే ఒకాయన దూరాడు. మడత కుర్చీలో కూర్చుని, తుపాకి ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్న జానెడు చోటు అరచేత్తో తట్టి, "రా, ఇక్కడ కూర్చో" అని చిన్నగా పిలుస్తున్నాడు. ఆయన ఖాషేకి మామగారు.

మొన్నమొన్నటిదాకా ఆయన వట్టి లైట్నర్ దొర. ఆస్ట్రియాలో కొండల మధ్య కలప మిల్లు నడిపే మనిషి. వేట నడిపించే హార్ట్‌విగ్‌తో కలిసి ఏడాదికోసారి మా కలహారి ఎడారి ఇసుకలోకి వస్తాడు. ఈసారి చిరుత కోసం వచ్చాడు. వచ్చిన రోజు ఊళ్ళో మంట దగ్గర కూర్చుని టీ తాగుతూ దేనికో పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి చివర ఎక్కిళ్ళు పెట్టుకున్నాడు. మంటకి అవతల మంగెట్టి గింజలు పగలగొడుతున్న ముసలమ్మ నూకా రాయి వదిలేసి లేచింది. చచ్చిపోయిన ఆమె కొడుకు కుమ్సా కూడా అలాగే నవ్వేవాడు, అలాగే ఎక్కిళ్ళు పెట్టుకునేవాడు. ఆమె తిన్నగా దొర దగ్గరికెళ్ళి గుండెల మీద చెయ్యి వేసి, "వీడు నా కుమ్సా" అంది.

అంతే, అయిపోయింది. మా వైపు పెద్దవాళ్ళు ఒకరికి పేరు ఇచ్చారంటే, ఆ పేరుతో వచ్చే చుట్టరికాలన్నీ వాళ్ళ నెత్తికి చుట్టుకుంటాయి. కుమ్సా ఎవరికి తండ్రో వాళ్ళకి దొర తండ్రి, కుమ్సా ఎవరికి మామో వాళ్ళకి దొర మామ. కుమ్సా కూతురు చూకో, ఆమె మొగుడు ఖాషే. లైట్నర్‌కి ఇదేం తెలుసు? ఏదో ముద్దుపేరు పెట్టారనుకుని మురిసిపోయాడు. ఇంటికెళ్ళాక టోపీ మీద కుట్టించుకుంటానన్నాడు.

ఇక్కడ అల్లుడనేవాడు మామ పక్కన కూర్చోడు. కళ్ళలోకి చూడడు, ఒంటిమీద చెయ్యి వెయ్యడు, నేరుగా మాటాడడు. చెప్పాల్సిందేదన్నా ఉంటే మధ్యలో ఇంకొకరికి చెప్తాడు, వాళ్ళు మామకి చేరవేస్తారు. ఖాషే ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాడు. జాడ తీస్తూ ముందు తను, మధ్యలో హార్ట్‌విగ్, వెనక మామగారు. అంతా సాఫీగానే సాగింది. ఇంతలో హార్ట్‌విగ్‌కి దగ్గు పట్టుకుంది.

"నేను మాటులో కూర్చుంటే చిరుత సంగతి దేవుడెరుగు, ఊళ్ళో కోడి కూడా రాదు" అన్నాడు హార్ట్‌విగ్ ఆ పొద్దున, దగ్గీ దగ్గీ మొహం కందిపోయి. "నువ్వూ ఆయనా కూర్చోండి. నేను గుట్ట అవతల బండిలో ఉంటాను. ఎర దగ్గర రెండిటి జాడలూ ఉన్నాయన్నావుగా?"

"రెండూ ఉన్నాయి దొరా. మగది పెద్దది. దాని అడుగుల మీద ఆడదాని అడుగులు పడ్డాయి."

"అదే నా భయం. ఆయనకి మచ్చలు కనపడితే చాలు, వేలు ఆగదు. మగదైతే కొట్టనీ. ఆడదైతే చెయ్యి పట్టుకుని ఆపెయ్. పక్క ఊరి సంగతి గుర్తుంది కదా?"

గుర్తులేకేం! పక్క ఊరి అడవిలో ఎవరో వేటగాడు ఆడచిరుతని పడగొట్టాడు. మగదాన్ని తప్ప కొట్టకూడదని చట్టం. ఆ ఊరికి వేట పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు అక్కడి మగవాళ్ళకి పని లేదు, కుండల్లో మాంసం లేదు. ఊరు ఊరంతా ఆ ఒక్క తూటా దగ్గరే ఆగిపోయింది.

"దొరా, నేను ఆయన చెయ్యి పట్టుకోలేను" అన్నాడు ఖాషే. "ఆయన మా మామ."

హార్ట్‌విగ్ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "మరీ మంచిది. అల్లుడి మర్యాదలేవో చేయించుకో. పద పద, పొద్దెక్కుతోంది."

ఖాషే నూకా దగ్గరికి పరిగెత్తాడు. పేరు ఇచ్చింది ఆమె, వెనక్కి తీసుకోగలిగిందీ ఆమే. పెళ్ళాం నాయనమ్మతో ఎంత సరసమైనా ఆడొచ్చు, ఎన్ని తిట్లైనా తిట్టొచ్చు. ఆ చుట్టరికంలో అడ్డేమీ లేదు.

"ఏయ్ ముసలిదానా, నీ కొడుకుని వెనక్కి తీసుకో."

"ఏం? బరువయ్యాడా? నిన్నెవడు మొయ్యమన్నాడ్రా, తాబేలు మొహం వాడా!"

"ఒక్క సాయంత్రానికే. రేపు పొద్దున్నే మళ్ళీ ఇచ్చుకో. ఎవరొద్దన్నారు?"

"పేరంటే నువ్వు అరువు తెచ్చి చిల్లు పెట్టిచ్చే కుండనుకున్నావా? ఫో, మాటులో నీ పిరుదులు పట్టకపోతే మీ అమ్మ దగ్గర వదిలేసి వెళ్ళు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఖాషే అక్కడే నిలబడ్డాడు. నూకా గింజ కొట్టడం ఆపింది. ఆమె గొంతు మారింది.

"వాడు నవ్వుతుంటే నాకు లోపల ఎట్లా ఉంటుందో తెలుసురా నీకు? ఇప్పుడు పేరు తీసుకోమంటే, నా బిడ్డని నేను రెండోసారి పాతిపెట్టాలి. ఆ మాట నువ్వు నోరు తెరిచి అను, తీసుకుంటాను."

ఖాషే ఆ మాట అనలేకపోయాడు. తిరిగి వస్తుంటే చూకో ఎదురొచ్చి నీళ్ళ సీసా చేతికిచ్చింది. "నాన్న జాగ్రత్త" అంది. ఆమె నవ్వడం లేదు. అది చూసి అతనికి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

అలా వచ్చి పడ్డాడు ఈ మాటులోకి. గడ్డీ కర్రలూ కలిపి కట్టిన బుట్ట లాంటి గది. ఎదురుగా తుపాకి గొట్టం పట్టేంత కంత. అందులోంచి చూస్తే ముళ్ళతుమ్మ, దాని కొమ్మకి వేలాడదీసిన అడవిజింక తొడ. వెనక తలుపు లేదు, గడ్డిమోపు అడ్డంగా పెట్టి బండి వెళ్ళిపోయింది. ఇక చీకటి పడేదాకా బయటికి రాకూడదు, తుమ్మకూడదు, దురదేస్తే గోక్కోకూడదు.

ఖాషే గోడకి అతుక్కుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, మొహం గడ్డివైపు తిప్పుకుని కూర్చున్నాడు. అయినా మామగారి బూటు అతని మడమకి తగులుతూనే ఉంది. మామగారి చెమట వాసన, సబ్బు వాసన, ఊపిరి వేడి అన్నీ అతని మెడ మీదే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పెళ్ళైన కొత్తలో కూడా అసలు కుమ్సాకి ఇంత దగ్గరగా రాలేదతను.

లైట్నర్ మంచివాడు. అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు. తన బిస్కెట్లు తీసి అందించాడు. ఖాషే తీసుకోకపోతే ఒళ్ళో పెట్టాడు. "ఇరుగ్గా ఉందా? కాళ్ళు ఇటు చాపుకో" అని చెవిలో గుసగుసలాడాడు. భుజం తట్టాడు. తట్టినప్పుడల్లా ఖాషే ఇంకాస్త ముడుచుకున్నాడు. ఇంకా ముడుచుకోవడానికి ఒంట్లో చోటు మిగల్లేదు.

ఎండ వాలింది. ఖాషే మనసులో ఒకటే జపం: మగదే రావాలి. మగదొస్తే ఎవరూ ఎవర్నీ ముట్టుకోనక్కర్లేదు. తుపాకి పేలుతుంది, బండి వస్తుంది, గడ్డిమోపు తీస్తారు.

దూరంగా కంజు పిట్టలు ఒక్కసారిగా గోల పెట్టి లేచిపోయాయి. ఖాషే కంతలోంచి చూశాడు. ఇసుక మీద ఏమీ లేదు. మళ్ళీ చూసేసరికి చెట్టు కింద చిరుత నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఒక్క గెంతులో కొమ్మ మీదికెక్కి, ఎర మీదికి వంగింది. సన్నటి మెడ. పొట్ట కింద పాలచన్నులు జారి ఉన్నాయి, వాటి చుట్టూ వెంట్రుకలు నాకి నాకి తడిగా అట్టకట్టి ఉన్నాయి. ఎక్కడో పొదలో పిల్లలు ఎదురు చూస్తున్నాయన్నమాట.

పక్కన ఊపిరి మారింది. లైట్నర్ తుపాకి ఎత్తి గొట్టం కంతలో పెట్టాడు. చెంప తుపాకికి ఆనింది.

ఖాషే చెయ్యి లేచింది. మామగారి చొక్కా చేతికి బెత్తెడు దూరం దాకా వెళ్ళి ఆగిపోయింది. ముందుకు తొయ్యాలని చూశాడు. పళ్ళు బిగించి చూశాడు. ఊరు గుర్తుకు తెచ్చుకున్నాడు, పక్క ఊరి ఖాళీ కుండలు గుర్తుకు తెచ్చుకున్నాడు. చెయ్యి కదిలితేగా! ఎవరో అడ్డం పట్టుకున్నట్టు గాల్లోనే ఉండిపోయింది. దగ్గుదామంటే నోట్లో తడి లేదు. నేరుగా ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్తే సరిపోతుంది. అదే కుదరదు. ఆపెయ్ అన్న మాటకీ ముట్టుకోకూడదన్న మర్యాదకీ మధ్య ఆ గడ్డిబుట్టలో అతను చిక్కుకుపోయాడు, తప్పించుకునే సందే లేదు. మధ్యలో ఇంకొకరు ఉంటే బాగుండును. చంటిపిల్లైనా సరే, కుక్కైనా సరే. వాటితో చెప్తే మామగారికి చెప్పినట్టే.

తుపాకి పేలకుండా ఆపే మీట టక్కుమని తెరుచుకుంది.

ఖాషే కంతలోకి మొహం పెట్టి, దొరల భాషలోనే గట్టిగా అరిచాడు.

"అమ్మా, చెట్టుమీది తల్లీ! మా మామగారికి నువ్వు చెప్పమ్మా! నువ్వు ఆడదానివని చెప్పు! పాలిచ్చే తల్లివని చెప్పు! నిన్ను కొడితే మా ఊరు మునిగిపోతుందని చెప్పు!"

చిరుత తలెత్తి సూటిగా మాటు వైపు చూసింది. మరుక్షణం కొమ్మ ఖాళీగా ఊగుతోంది.

లైట్నర్ తుపాకి దించాడు. మొహం పాలిపోయి, తర్వాత ఎర్రబడింది. "ఏం చేశావు నువ్వు? ఏం చేశావసలు?" ఖాషే గడ్డివైపు తిరిగిపోయాడు. "ఇటు చూడు. నన్ను చూసి మాట్లాడు!" లైట్నర్ అతని భుజాలు పట్టుకుని ఇటు తిప్పాడు. ఖాషే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "పులితో మాట్లాడతావు, నాతో మాట్లాడవా? నేను పులికన్నా హీనమా?"

మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి. లైట్నర్ చేతులు వదిలేశాడు. జేబులోంచి రేడియో తీసి హార్ట్‌విగ్‌ని రమ్మన్నాడు. బండి వచ్చేదాకా ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేలా ఆ బుట్టలోనే కూర్చున్నారు.

హార్ట్‌విగ్ గడ్డిమోపు లాగేసి లోపలికి తొంగిచూశాడు. సంగతి విని ఖాషే మీద విరుచుకుపడ్డాడు.

"ఆడదైతే చెయ్యి పట్టుకోమన్నానా లేదా? అరిచి ఎర పాడుచేశావు. ఇక మగదీ రాదిక్కడికి!"

"మామ చెయ్యి ఎట్లా పట్టుకోను దొరా? పొద్దున్నే చెప్పానుగా."

"ఏ మామ?" అన్నాడు లైట్నర్.

హార్ట్‌విగ్ తల గోక్కున్నాడు. ఇక తప్పక ఆ పేరు సంగతి, దాని వెంట వచ్చే చుట్టరికం సంగతి, అల్లుడు పాటించాల్సినవీ దగ్గుకీ దగ్గుకీ మధ్య చెప్పుకొచ్చాడు. లైట్నర్ టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు.

"మా ఊరు గ్రాజ్‌లో నాకో అల్లుడున్నాడు" అన్నాడు చివరికి. "మా పక్క వీధే. వాడూ నా మొహం చూడడు, నాతో మాట్లాడడు. నేను అటు వస్తుంటే ఇటు దాటిపోతాడు. ఏళ్ళైపోయింది." ఖాషే వైపు చూడబోయి, చూపు మళ్ళించుకుని హార్ట్‌విగ్‌తోనే అన్నాడు. "ఇతన్నడుగు. ఇదీ అలాంటిదేనా అని అడుగు."

ఖాషే ప్రతి మాటా విన్నాడు. కానీ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"వినపడిందిగా, చెప్పు" అన్నాడు హార్ట్‌విగ్.

"మీరు అడగాలి దొరా."

హార్ట్‌విగ్ ఆకాశం వైపు చూసి, బొంగురు గొంతుతో అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు.

"మామగారికి చెప్పండి" అన్నాడు ఖాషే. "కోపమైతే మేం దూరం జరగం. దగ్గరికొచ్చి మొహమ్మీదే తిట్టిపోస్తాం. నేను ఎవరికి దూరంగా కూర్చుంటానో, వాళ్ళు నాకు పెద్ద. మా ఇంటిదాన్ని ఇచ్చినవాళ్ళు. అందుకే జరుగుతాను. ఇవాళ జరగడానికి చోటు లేక చచ్చిపోయాను."

హార్ట్‌విగ్ చెప్పాడు. లైట్నర్ తలూపాడు. టోపీ పెట్టుకుని బండి వెనకభాగం ఎక్కాడు. అక్కడ పరుపు వేసిన బెంచీ ఒకటే ఉంది, ఇద్దరు పట్టేది. ఆయన దాన్ని దాటుకుని వెళ్ళి, అటు చివర పడేసి ఉన్న టైరు మీద కూర్చుని, ఎడారి వైపు మొహం తిప్పుకున్నాడు.

"హార్ట్‌విగ్" అన్నాడు అటే చూస్తూ. "బెంచీ మీద హాయిగా కూర్చోమని చెప్పు, మా అల్లుణ్ణి."

హార్ట్‌విగ్ చెప్పేదాకా ఆగి ఖాషే బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు. బండి కదిలింది. ఊరిదాకా దారంతా గతుకులే. ప్రతి గతుక్కీ ముసలాయన టైరు మీద ఎగిరెగిరి పడుతూ, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.