ఇండక్షన్ పొయ్యి మీద పులస పులుసు

చంద్రరావు కూతురు హారతిని రావులపాలెంలో గణేష్‌బాబు గారబ్బాయికిచ్చారు. పెళ్లి మాటలనాడు కూడా దేనికీ అడ్డు చెప్పని ఆ వియ్యంకుడు, నిడదవోలులో వీళ్లింటికి వచ్చినప్పుడు ఇండక్షన్ పొయ్యిని చూసి మాత్రం పెదవి విరిచాడు.

"దీని మీద టీ అవుద్దేమో గానీ, పులస పులుసు అవుద్దా బావగారూ?"

"ఎందుకవ్వదండీ? వరద నీరు రానివ్వండి. దీని మీదే వండించి పంపుతాను," అని చంద్రరావు మాటిచ్చేశాడు. వీధి వీధంతటి చేతా ఆ పొయ్యి కొనిపించిన మనిషి ఆయన. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇంకేం పరువు?

గోదారికి ఎర్రనీరు వచ్చింది, ఇంటికి పులస వచ్చింది. భార్య రత్తమ్మ ముక్కలు కడిగి, చింతపండు పులుసు పోసి, ఎప్పటిలాగే మట్టి దాకలో సర్దింది. పులస అంటే దాకే. ఇంకో గిన్నెలో వండొచ్చన్న ఊహ ఆ ఇంట్లో ఎవరికీ రాదు, చంద్రరావుకి అసలే రాదు. దాక పెట్టి బటన్ నొక్కాడు. పొయ్యి మూడుసార్లు కీచుమని, ఎర్రటి అంకె చూపించి ఆరిపోయింది.

ఆయన రంగంలోకి దిగాడు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. వంటింట్లో వోల్టేజీ చాలడం లేదని హాల్లోకి మార్చాడు. అద్దం తడిగా ఉందని కండువాతో తుడిచాడు. గాలి ఆడటం లేదని గోడకి జానెడు దూరం జరిపాడు. అది మాత్రం లెక్క తప్పకుండా మూడేసిసార్లు కీచుమంది. చివరికి కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"గిన్నెకి అయస్కాంతం అంటుకుంటోందా సర్?" అని అడిగిందో అమ్మాయి, ఎంతో మర్యాదగా.

ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ పీకి దాకకి ఆనించాడు. కింద పడింది. సరిగ్గా పెట్టలేదేమోనని మళ్లీ ఆనించి, మట్టి దాకకి అంటుకోవట్లేదని చెప్పాడు.

"మట్టిదైతే పనిచెయ్యదు సర్. ఇనుపది వాడండి."

"ఇనుప మూకుట్లో చింతపండు పులుసా? నల్లబడి కంపు కొడతాదండి," అంది రత్తమ్మ. స్టీలు గిన్నె మాట ఎత్తబోయిన చంద్రరావు ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. ఇనుప అట్లపెనం పెట్టి దాని మీద దాక పెట్టాడు. పెనం కాలింది, పులుసు కాగలేదు. ఈసారి పొయ్యి వేరే అంకె చూపించి ఆరిపోయింది. ఆయనకి నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

"మీ పంతానికి ముక్క పాడైపోద్ది," అని రత్తమ్మ దాక ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. మూడు ఇటుకలు, రెండు పిడకలు, నాలుగు కొబ్బరి మట్టలు. సాయంత్రానికి పులుసు దగ్గరపడింది. రాత్రంతా ఊరనిచ్చి, తెల్లారాక క్యారేజీలో రావులపాలెం పంపారు.

మధ్యాహ్నం గణేష్‌బాబు ఫోను. "ఓడిపోయానండి బావగారూ! కరెంటు పొయ్యి మీద ఇంత రుచా!"

చంద్రరావు నిజం చెబుదామని నోరు తెరిచాడు. "అంతా సెట్టింగులో ఉందండీ," అన్నాడు.

వారం తిరక్కుండా వియ్యపురాలు ఉషారాణి ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, మీ మాట మీద మేమూ పొయ్యి కొన్నామండి. పులస తెచ్చి దాకలో పెట్టాం. పది మంది భోజనానికొచ్చి కూర్చున్నారు. ఇదేమో కీచుమని ఆరిపోతోంది. కాస్త ఆ సెట్టింగేంటో చెబుతారా?"

రత్తమ్మ కూర తరగడం ఆపి మొగుడి వైపు చూసింది.

"ముందు ప్లగ్గు పీకెయ్యండమ్మా," అన్నాడు చంద్రరావు గొంతు తగ్గించి. "మీ పెరట్లో మూడు ఇటుకలున్నాయా?"