అడక్కుండా రాసిన వార్త

జనార్దనరావు గారు తెనాలిలో ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేసి రిటైరయ్యారు. నిరుడు వేసవిలో కాలేజీ లెక్చరర్ నీరజ ఆయన ఇంటికి వచ్చింది. ఈ ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని ఆడవాళ్ల గురించి పుస్తకం వేస్తున్నామని, ఒక్క పేరైనా చెప్పమని అడిగింది.



“ఒకావిడ ఉందమ్మా. ఆవిడ పేరు బయటికి రాకుండా చేసింది నేనే” అన్నారాయన.

డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత పత్రికవాళ్లు ఆయన్ని బాపట్లలోని సహాయ శిబిరానికి పంపారు. అప్పటికాయనకి ఇరవై నాలుగేళ్లు. చెట్ల మీదా ఇళ్ల కప్పుల మీదా చిక్కుకున్న పందొమ్మిది మందిని వెంకటసుబ్బులు అనే ఆవిడ పడవ నడిపి తెచ్చిందని అక్కడివాళ్లు చెప్పారు. రేపల్లె దిగువన చేపలు పట్టేవాళ్ల పేట ఆవిడది. అరచేతులకు గుడ్డపీలికలు చుట్టుకుని అక్కడే నిలబడి ఉంది. పక్కన భర్త నాంచారయ్య జ్వరంతో ముడుచుకుని పడుకున్నాడు. పడవ ఎవరిదని జనార్దనరావు అడిగారు. నాంచారయ్యదన్నారు. మర్నాడు పత్రికలో నాంచారయ్య సాహసం అచ్చయింది.

“ఆడమనిషంటే నమ్మరనుకున్నాను. అసలు నేనే నమ్మలేదు. ఆవిణ్ని ఒక్క మాటైనా అడగలేదమ్మా.”

ఆ వారంలోనే ఇద్దరూ రేపల్లె బండెక్కారు. వెంకటసుబ్బులు వాకిట్లో చేపలు ఎండబెడుతూ కనబడింది. నాంచారయ్య పోయి పదేళ్లయిందట.

“మీరు రాసింది చూసి మా ఆయనకి సన్మానం చేశారండి” అందామె. “నేను కాదు, మా ఇంటిది అని చెప్పేవోడు. అంతా నవ్వేవోళ్లు. తర్వాత చెప్పడం మానేశాడు. ఆ శాలువా మాత్రం ఒక్కనాడూ కప్పుకోలేదు.”

“తప్పు నాదేనమ్మా. ఇప్పుడు మీ పేరుతో రాస్తాం.”

“నా పేరుకేముందండి. ఆ పిల్ల పేరు రాయండి.”

“ఏ పిల్ల?”

“తుమ్మకొమ్మ పట్టుకుని ఉందండి. ఎనిమిదేళ్లుంటాయి. పడవలోకి లాగాను. శివపార్వతంట, చెరుకుపల్లి హనుమయ్య గారి కూతురంట. అమ్మమ్మగారింటికి వచ్చి చిక్కుకుంది. దార్లో పడవ ఒరిగింది. పిల్ల చెయ్యి పట్టుకున్నానండి. గెడ వేసీ వేసీ నా చేతులు అప్పటికే పుళ్లు. జారిపోయింది.”

“ఎవరికీ చెప్పలేదా అమ్మా?” అంది నీరజ.

“ఈ పేపరాయనకి చెబుదామనే నిలబడ్డానండి. చదువుకున్నోళ్లు, వాళ్లమ్మానాన్నలకి కబురు చేస్తారని. అడిగితే చెబుదును. అందరూ మెచ్చుకుంటుంటే, ఒకదాన్ని వదిలేశానని నా అంతట నేను చెప్పలేకపోయాను. చెరుకుపల్లి వెళ్దామని రెండుసార్లు బస్సెక్కి, భయమేసి మధ్యలోనే దిగిపోయాను.”

జనార్దనరావు ‘శివపార్వతి, చెరుకుపల్లి హనుమయ్య’ అని కాగితం మీద రాసుకున్నారు.

చెరుకుపల్లిలో రెండు రోజులు వాకబు చేస్తే హనుమయ్య కొడుకు అజయ్ బాబు దొరికాడు. ఉప్పెన తర్వాత పుట్టినవాడు. అంతా విని గోడకు చేరబడి కూర్చున్నాడు.

“అక్కని ఎవరో పెంచుకుంటున్నారనుకునేదండి అమ్మ. నాన్నని కర్మ చేయనివ్వలేదు. బస్టాండులో ఆ వయసు ఆడపిల్ల ఎవరు కనబడ్డా మొహంలోకి చూసేది. నాకు పెళ్లయ్యాక కూడా.”

“అమ్మగారు ఎప్పుడు పోయారు?”

“రెండేళ్లయిందండి.”

జనార్దనరావు లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయారు. నీరజ మంచినీళ్లిచ్చింది. 

“ఆ పడవ నడిపినావిడ ఉన్నారా అండి? నేను చూడాలి” అన్నాడు అజయ్ బాబు.

మర్నాడు ఉదయం ముగ్గురూ ఆ పేటకి వెళ్లారు. అతనెవరో చెప్పగానే వెంకటసుబ్బులు లేచి నిలబడి, రెండు చేతులూ జోడించింది. అతను ఆ చేతులు పట్టుకున్నాడు.

“మా అక్కని ఆఖరున చూసింది మీరే కదమ్మా. ఎలా ఉండేదో చెప్పండి” అన్నాడు.

ఆమె అతన్ని లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. పిల్ల వేసుకున్న గౌను రంగు దగ్గర మొదలుపెట్టింది.

నీరజ కూడా లోపలికి వెళ్లింది. జనార్దనరావు గుమ్మం దాటలేకపోయారు. ఎండలోనే నిలబడి, లోపలి మాటలు ఒక్కొక్కటే విన్నారు.