చేతకానివాళ్ళ సంధి

ఫువాటినో నోట్లో నాలుక లేని పిల్ల అని లోతోమాలా ఊరంతటికీ తెలుసు. అలాంటి పిల్లను తెల్లదొరలతో సంధి మాట్లాడడానికి దుబాసీగా కూర్చోబెట్టారంటే పరాయి పాలన వద్దనే మావు ఉద్యమం ఏ గతికి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఈ మాట గిట్టనివాళ్ళెవరో అన్నది కాదు. ఆ ముందురోజు సాయంత్రం ఫువాటినోయే తన డైరీలో రాసుకుంది.

నిజానికి ఎంచుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఇంగ్లీషు వచ్చిన ఇద్దరిలో ఒకర్ని ఈ దీవుల్ని ఏలుతున్న న్యూజిలాండ్ ప్రభుత్వం సముద్రం దాటించింది, ఇంకొకర్ని జైల్లో పెట్టింది. తమ దుబాసీని పంపిస్తామని వాళ్ళు కబురు పెడితే ఊరిపెద్దలు వద్దన్నారు. ఆ మనిషి మనవాళ్ళు ఒకటంటే అక్కడ రెండు చెబుతాడని వాళ్ళ అనుమానం. ఇక మిగిలింది పాస్టరుగారి బడిలో ఆరేళ్ళు చదివిన ఈ పదహారేళ్ళ పిల్ల. ఆమెకు వచ్చిన ఇంగ్లీషంతా పాస్టరమ్మగారి బైబిల్లోంచి వచ్చిందే. ఆ భాషలో ఒక రాజ్యాన్ని శపించమంటే తడుముకోకుండా శపించగలదు. మంచినీళ్ళు అడగడం మాత్రం రాదు.

డైరీలో ఆమె అంతటి మనిషి లేదు. గవర్నరును అందులో ఇప్పటికి నాలుగుసార్లు కడిగేసింది. ఐదోసారి ఆయనచేత క్షమాపణ కూడా చెప్పించింది. డైరీ మూసి బయటికొస్తే మాత్రం ఎవరు పలకరించినా ఇంటి స్తంభం చాటుకు జరిగేది. స్తంభం సన్నం, ఆమె కాదు. కాబట్టి దాక్కున్నట్టు తనకొక్కతికే అనిపించేది.

"అత్తా, నావల్ల కాదు. నాకు గొంతు పెగలదు," అని ఆమె మేనత్త పెనీనా దగ్గర మొత్తుకుంది.

డిసెంబరులో పట్నం ఆపియా వీధిలో ఉద్యమంవాళ్ళ మీద పోలీసుల తుపాకులు పేలి, మనుషులు పోయి, మగవాళ్ళంతా అడవి పట్టాక మూడు నెలలుగా ఊళ్ళో ఉద్యమాన్ని నడుపుతున్నది పెనీనాయే. ఆమెకు మొత్తుకోళ్ళు వినే తీరిక లేదు.

"మాట నీది కాదులేవే. వాళ్ళ మాట ఇటు, మన మాట అటు మొయ్యి, అంతే. చామదుంపల గంప మోసినట్టే. గంపలో ఏముందో నీకెందుకు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళని పట్టుకోబోమని రేపొచ్చే ఆ దొర నోటితో అనాలి. మిగతావన్నీ పెద్దలు చూసుకుంటారు. ఇదొక్కటీ నువ్వు చూసుకో."

అది చెప్పనక్కర్లేదు. ఫువాటినో అన్న ఫిలిమోనా కొండ వెనక ఆకుల పాకలో పడున్నాడు. సైనికులు తరుముతుంటే పరుగెత్తి, నరికిన వెదురుమోడు మీద కాలేశాడు. అది పాదంలో దిగి ఈవల నుంచి ఆవలకు వచ్చింది. అత్త వేసిన ఆకుపసర్లు వారం పనిచేశాయి. తర్వాత పాదం సీమపనసకాయంత అయింది. రెండు రోజుల కిందట చూసినప్పుడు విషం ఎక్కుతున్న గుర్తుగా ఎర్రటి గీత ఒకటి మోకాలిదాకా పాకి ఉంది. ఆసుపత్రి ఆపియాలో ఉంది. ఆసుపత్రి గుమ్మంలో పోలీసులున్నారు. కిందటి నెల వెళ్ళిన ముగ్గుర్ని కట్లు కట్టించి మరీ జైలుకు తీసుకుపోయారు.

కెప్టెన్ థోర్‌బర్న్ మర్నాడు పొద్దున్నే ప్రభుత్వం తరఫున ఓడనుంచి వచ్చి పడవ దిగాడు. వెంట ఇద్దరు నావికులు, ఒక తోలుసంచి. అడవిలోంచి అభయం మీద వచ్చిన పదకొండుమంది పెద్దలు అప్పటికే సభ ఇంట్లో ఎవరి స్తంభానికి వాళ్ళు ఆనుకుని కూర్చున్నారు. దొరకు కూడా ఎదురుగా మంచి స్తంభమే ఇచ్చారు. ఆయన చాపమీద కూర్చోలేక కూర్చుని, బూట్లతో సహా కాళ్ళు బార్లా చాపి, వాటిని తిన్నగా ఊళ్ళో అందరికంటే పెద్దాయన వైపు పెట్టాడు. పెనీనా వంగి నడుచుకుంటూ వెళ్ళి ఆ కాళ్ళమీద ఒక చాప కప్పి వచ్చింది. దొర తనకు చలేస్తుందని అనుకున్నారేమోనని ఆమెకు థాంక్స్ చెప్పాడు.

వేరు దంచి నీళ్ళలో కలిపే కావా పంచడం అయింది. దొర దాన్ని ఒక్క గుక్కలో తాగి, బురద తాగిన మొహం పెట్టి, బాగుందన్నాడు. తర్వాత ఊరి తరఫున ఎవరు మాట్లాడాలనే సంగతి వచ్చింది. ముగ్గురు వక్తలున్నారు. నువ్వంటే నువ్వని, నాకంటే నీ వంశం గొప్పదని, నీ ముందు నాకు నోరెక్కడిదని ముగ్గురూ మర్యాదలు చేసుకుంటూ గంట గడిపారు. దొర నాలుగుసార్లు గడియారం చూసుకున్నాడు. ఏం జరుగుతోందని ఫువాటినోను అడిగాడు. ఎవరు మాట్లాడాలో మాట్లాడుకుంటున్నారని ఆమె ఎలాగో చెప్పింది. ఆయన అదేదో జబ్బు పేరు విన్నట్టు చూశాడు.

చివరికి వంతు ఆమె పెదనాన్న ఎపెనేసాకే వచ్చింది. వస్తుందని గంట ముందే అందరికీ తెలుసు. ఆయన వక్తకు గుర్తయిన కొబ్బరిపీచు కుచ్చును భుజం మీద వేసుకుని గొంతు సవరించుకున్నాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో అంత మాటకారి లేడు. ఆరోజు ఆయన తన ప్రతాపమంతా చూపించాడు.

"దొరా, నీ గొప్ప ఓడ ముందు మా పడవలు పగిలిన కొబ్బరిచిప్పలు. మా సభ పిల్లల గోల. మా పెద్దలకు బుద్ధి చాలదు, నా నోటికి మాట చాలదు. నువ్వింత దూరం వస్తే నీకు పెట్టడానికి ఈ ఇంట్లో ఏమీ లేదు. మా తప్పులు కాయి."

ఆయన వెనక మూడు కాల్చిన పందులు, నడుమెత్తు చామదుంపల కుప్ప, అరటాకుల్లో కట్టిన చేపలు ఆవిర్లు కక్కుతున్నాయి. పెద్దలు సంతోషంగా తలలూపారు.

ఫువాటినో గంప నెత్తికెత్తుకుంది. ఒక్క దుంప కిందపడకుండా మోసింది. మేము మిగుల అల్పులమనియు, మాకు వివేకము కొదువైయున్నదనియు, మా అపరాధములు క్షమింపుమనియు పాస్టరమ్మగారి ఇంగ్లీషులో ఒప్పజెప్పింది. చెబుతుంటే ఆమెకే ముచ్చటేసింది. ఇంత చక్కగా మాట్లాడానని ఈరోజు డైరీలో రాసుకోవచ్చు అనుకుంది. ఆ ముచ్చట మూడు నిమిషాలుంది.

దొర కలం తీసి చకచకా రాసుకున్నాడు. ఆయన మొహంలో పొద్దుటినుంచి లేని వెలుగొచ్చింది.

"బాగుంది. ఇంత నిజాయితీ నేననుకోలేదు. మీది తప్పని, మీకు బుద్ధి చాలదని మీ నోటితో మీరే ఒప్పుకున్నారు. అది రాసుకున్నాను. ఇక మీ నాయకులు శుక్రవారంలోగా లొంగిపోవాలి. మీ ఉద్యమం గుర్తుగా కట్టే ఆ ఊదారంగు లుంగీలన్నీ తెచ్చి కుప్పపోయాలి. అప్పుడు సంధి సంగతి చూద్దాం," అన్నాడు.

ఆమె దాన్నీ మోసింది. గంపలో ఏముందో అప్పుడు తెలిసింది కానీ, అప్పటికే దింపేసింది.

ఒక మనిషి నీ ముందు తన్ను తాను అంత కిందికి దించుకుంటే, నువ్వు ఇంకా కిందికి దిగి బదులు చెప్పాలి. దిగకపోగా ఈయన దాన్నే మెట్టు చేసుకుని ఎక్కి నిలబడ్డాడు. ఎపెనేసా భుజం మీది కుచ్చు తీసి మెల్లగా చాపమీద పెట్టాడు. కుచ్చు కిందపెట్టాక మాటలుండవు. పెద్దల్లో ఇద్దరు లేచిపోవడానికి చాప సర్దుకుంటున్నారు. దొర మాత్రం రాసిందాని కింద గీత గీసుకుంటున్నాడు.

ఫువాటినోకు ఎర్రటి గీత గుర్తొచ్చింది. మోకాలిదాకా వచ్చింది రెండు రోజుల కిందట. ఇప్పుడు ఎక్కడుందో. అన్న కాలును తను ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పోగొట్టిందన్నమాట. అదీ ఒక్క తప్పు లేకుండా.

ఆమె అత్త వైపు చూసింది. పెద్దల సభలో పిల్ల సొంతంగా నోరు తెరవడం ఉండదు. పెనీనా ఒక్కసారి కనుబొమ్మలు పైకెత్తింది. కానిమ్మని.

స్తంభం చాటు అందుబాటులోనే ఉంది. ఆమె జరగలేదు. ధైర్యంతో కాదు, కాళ్ళు తిమ్మిరెక్కి.

"ఓ సైన్యాధిపతీ, చెవియొగ్గుము," అంది ఇంగ్లీషులో. ఇద్దరు నావికుల్లో ఒకడు దగ్గాడు. "నీ దాసురాలు తెలివితక్కువది. మాటలు తెచ్చెను గాని మర్యాదను తేలేదు."

దొర కలం ఆపాడు. "అంటే? ఆయన అలా అనలేదా?"

"అనెను. ఆ వెనకనున్న పందులను చూడుము. పెట్టుటకు ఏమియు లేదని కూడ అనెను."

దొర పందుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన పొద్దున్న ఏమీ తిన్నట్టు లేదు.

"మా దేశమున," ఫువాటినో గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు, "తన ఇల్లు గొప్పదని చెప్పువానికి ఇల్లే యుండదు. ఆయన నిన్ను గౌరవించి క్రిందికి దిగెను. నీవు పైన నిలిచియున్నావు. ఇప్పుడు వారు లేచిపోవుదురు. నీవు మరల మమ్మును వెదకుచు మడ అడవిలోనికి పోవుదువు."

మడ అడవి మాటకు కెప్టెన్ మొహం మారింది. తనవాళ్ళను చూశాడు. పెద్ద నావికుడి మెడంతా దోమకాటు దద్దుర్లే.

"నన్నిప్పుడు ఏం చెయ్యమంటావు?"

"నీ గురించి ఏదైనా తక్కువగా చెప్పుము. నిజమైనదైతే మేలు."

ఆయన రాసుకున్న కాగితాన్ని కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాప కింద కాళ్ళు దగ్గరికి లాక్కుని, ముక్కుతూ మఠం వేసుకుని కూర్చున్నాడు. పెద్దలు చాప సర్దడం ఆపారు.

"మేం నూటయాభై మందిమి," అన్నాడు. "ఓడ ఉంది, తుపాకులున్నాయి. మిమ్మల్ని వెతుక్కుంటూ ఆరు వారాలు తిరిగాం. పట్టుకున్నది ఒక ముసలాయన్ని, ఒక పందిని. ముసలాయన మాకు దారి చూపించి బయటికి తీసుకొచ్చాడు, లేకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్ళం. పంది తప్పించుకుంది."

ఫువాటినో దీన్ని మోస్తున్నప్పుడు సగంలోనే నవ్వు మొదలైంది. పంది దగ్గరికొచ్చేసరికి అందరికంటే పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ ముసలాయన ఆయన బావమరిదే. ఎపెనేసా కుచ్చు మళ్ళీ భుజం మీదికెక్కింది.

"మేం మాత్రం ఏం గొప్ప, దొరా. మూడు నెలలు అడవిలో పచ్చి అరటికాయలు తిన్నాం. మేం లేకపోతే ఊరు పాడైపోతుందనుకున్నాం. వచ్చి చూస్తే మా ఆడవాళ్ళు మాకంటే బాగా నడిపిస్తున్నారు. నీతో సంధి కుదిరినా వీళ్ళు మమ్మల్ని ఇళ్ళలోకి రానిస్తారో లేదో."

"ఆలోచించి చెప్తాం," అంది పెనీనా వెనకనుంచి.

ఆ తర్వాత బేరం మధ్యాహ్నందాకా సాగింది. లుంగీల దగ్గర తెగలేదు. డిసెంబరులో పోయినవాళ్ళ సంగతి ఎపెనేసా ఎత్తాడు. నవ్వులాగిపోయాయి. దొర నేలచూపులు చూశాడు. అది ఈ చాపమీద తేలే లెక్క కాదని, అలాగని మరిచేదీ కాదని ఎపెనేసాయే చెప్పి పక్కన పెట్టాడు. తేలింది ఇంతే: పద్నాలుగు రోజులు ఎవరూ ఎవర్నీ తరమకూడదు. మగవాళ్ళు ఇళ్ళకు రావచ్చు. మిగతాది మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. రెండు దేశాలవాళ్ళూ చేతకానివాళ్ళమని పోటీపడి ఒప్పుకుని సాధించింది పద్నాలుగు రోజులు.

ఆసుపత్రి మాట మాత్రం ఎవరూ అడగలేదు. పెద్దలకు ఇంకా పెద్ద సంగతులున్నాయి. దొర సంచి మూస్తున్నాడు. ఫువాటినో రెండోసారి నోరు తెరిచింది. ఈసారి పాస్టరమ్మగారి భాష కూడా గుర్తురాలేదు.

"ఆసుపత్రి," అంది. "మా అన్న. కాలు. పట్టుకోవద్దు."

కెప్టెన్ ఆమెను చూశాడు. ఎంత దూరంలో ఉన్నాడని అడిగాడు. కొండ వెనక అని ఆమె వేలు చూపింది. ఆయన గడియారం తీసి, సముద్రం వెనక్కి తీసేలోగా పడవ కదలాలని, తీసుకురాగలిగితే తన పడవలోనే తీసుకెళ్తానని, గుమ్మంలో పోలీసులతో తనే మాట్లాడతానని చెప్పాడు. ఆ మాట ఆమె పెద్దలందరికీ వినపడేలా తిరిగి చెప్పింది. అంత గట్టిగా ఆమె మాట్లాడగలదని ఊరికి ఆరోజే తెలిసింది.

నలుగురు పరుగెత్తారు. దొర పంది మాంసం తింటూ కూర్చున్నాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. నీళ్ళు వెనక్కి తీయడం మొదలై పడవ అడుగు ఇసుకకు రాసుకుంటుండగా ఫిలిమోనాను వెదురుమంచం మీద మోసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. గీత మోకాలు దాటి నాలుగు వేళ్ళు పైకి ఎక్కింది. దద్దుర్ల నావికుడు నీళ్ళలోకి దిగి మంచం ఒక కొన పట్టుకున్నాడు. ఫిలిమోనా అతని టోపీని చూసి చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నిజంగానే మాటిచ్చారా వీళ్ళు?"

"ఇచ్చారు. పద్నాలుగు రోజులకి."

"తర్వాత?"

ఫువాటినో అతని చెయ్యి పట్టుకుని మంచం పక్కనే నడిచింది.

"పదిహేనో రోజుకి పరుగెత్తడం నేర్చుకో," అంది.

అతను నవ్వబోయి నొప్పికి మూలిగాడు. దుబాసీ లేకుండా ఆసుపత్రిలో ఏం మాట్లాడతారని పెనీనా ఆమెను వెనకనుంచి పడవలోకి తోసింది. లుంగీ నడుందాకా తడిసింది. కెప్టెన్ ఆమెకు చోటిచ్చి పక్కకు జరిగాడు. పగడపు తిన్నె మీద అల ఒకటి విరిగింది. తెడ్లు నీళ్ళలో పడ్డాయి. కాలు ఎప్పుడు గుచ్చుకుందో, ఏ మందు వేశారో డాక్టరు అడిగితే చెప్పాల్సిన మాటల్ని ఆమె ఒక్కొక్కటే ఇంగ్లీషులో కూడదీసుకోవడం మొదలుపెట్టింది.