డీజిల్ బండి బేరం

కొత్తగూడ మహేశ్‌కు నెలాఖరు దాకా గడువు పెట్టారు. అప్పటికి డీజిల్ బండి అమ్మేసి గ్యాస్ బండి తెచ్చుకుంటే ఆఫీసు రూటు నిలుస్తుంది, లేదంటే పోతుంది. పన్నెండు సీట్ల ఆ బండి మహేశ్ సొంతం. పొద్దున గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల దగ్గర జనాన్ని ఎక్కించుకుని హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీ లోపల దించడం, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చడం, అదే అతని బతుకు. ఇన్నేళ్లూ ఆ బండి పొగ ఎవరి ముక్కుకూ తగల్లేదు. ఉన్నట్టుండి కంపెనీకి భూగోళం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. డీజిల్ బండ్లు గేటు దాటి లోపలికి రాకూడదని హరిత కమిటీ తీర్మానించింది. తీర్మానం చేసేది ఏసీ గదిలో, దాన్ని మోసేది ఎండలో నిలబడ్డ డ్రైవరు.

ఆ కమిటీకి పెద్ద ఆదర్శ్. కాకినాడ వైపు మనిషి, ఆ కంపెనీలోనే మేనేజరు. రోజూ మహేశ్ బండిలోనే వచ్చేవాడు. తీర్మానం అయిన మర్నాడు కూడా వచ్చి ముందు సీట్లోనే కూర్చున్నాడు.

"ఏం చేయను మహేశ్, పైనుంచి వచ్చింది," అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. ఇలాంటివాళ్లు ఎప్పుడూ నిజంగానే నొచ్చుకుంటారు. "అది సరేగానీ, ఈ బండి నాకు ఇచ్చేయకూడదూ? సీట్లు పీకించేసి లోపల మంచం, పొయ్యి, చిన్న సింకు పెట్టిస్తాను. క్యాంపర్ వ్యాన్ అన్నమాట. శని ఆదివారాలు పిల్లని వేసుకుని అడవుల్లో తిరుగుతాం. హోటళ్ల గోలుండదు."

"డీజిల్ బండి సార్ ఇది. మీకు నడుస్తదా?"

"గేటు లోపలికి వద్దన్నాం గానీ అడవిలోకి వద్దన్నామా? ఘాట్ ఎక్కాలంటే డీజిల్ బండే లాగాలి."

ధర మాట్లాడుకున్నారు. ఆదర్శ్ చెయ్యి చాపాడు. మహేశ్ చెయ్యి కలిపాడు.

పీటముడి ఇక్కడే పడింది. మహేశ్ తండ్రి సాయిలు బర్రెల బేరగాడు. సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చి, తువ్వాల తీసి చేతిలో చెయ్యేస్తే బర్రె అమ్ముడుపోయినట్టే. ఆ తరువాత ఇంకొకడు వచ్చి బంగారం కుప్ప పోసినా తల తిప్పి చూడకూడదు. చూసినవాడి చెయ్యి ఆ సంతలో మళ్లీ ఎవడూ పట్టుకోడు. బర్రెలు పోయాయి, అవి మేసిన బీళ్లలో అద్దాల మేడలు లేచాయి, మహేశ్ చేతికి మాత్రం ఆ అలవాటు పోలేదు. కాగితం అడగలేదు, అడ్వాన్సూ అడగలేదు. రోజూ మొహం చూసుకునే మనిషిని అడ్వాన్సు అడగడం నామోషీ అనుకున్నాడు.

ఇంటికొచ్చి పెళ్లాంతో, "బండి అమ్మిన," అన్నాడు.

శ్రీలత వాకిట్లోకి తొంగి చూసింది. "అమ్మినవా? మరి మనింటి ముంగట ఉన్నదేంది, దాని దయ్యమా?"

"చెయ్యి కలిపినమే. సార్ మాటంటే మాటే."

"మరి పైసలు ఏ చేతిల పెట్టిండు? కలిపిన చేతిలనా, ఇంకో చేతిలనా?"

మహేశ్ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

నాలుగు రోజులైనా కాకముందే ఆదర్శ్‌కు అనుమానాల జ్వరం పట్టుకుంది. డీజిల్ అయితే లాగుడు బాగుంటుంది, లీటరుకు ఎక్కువ దూరం పోతుంది. పెట్రోల్ అయితే చప్పుడు తక్కువ, కుదుపు తక్కువ, బండి ఆపి పడుకుంటే వాసన రాదు. కానీ ఘాట్ మీద పెట్రోల్ తాగేస్తుంది. కానీ డీజిల్‌కు రిపేరు వస్తే జేబుకు చిల్లు. ఢిల్లీలో పాత డీజిల్ బండ్లను పక్కన పెట్టారు, రేపు ఇక్కడా పెడితే? ఫోన్లో వీడియోలు చూశాడు. ఆఫీసులో దోస్తులను అడిగాడు. దోస్తులు రెండు జట్లుగా చీలారు. ఎవడూ ఇంజను బానెట్ ఎత్తి చూసినవాడు కాదు. అందరూ బండి కదలక ముందే ప్రయాణం ముగించేసినంత మాట్లాడారు.

"ఒక్క ట్రయల్ చేద్దాం మహేశ్," అన్నాడు ఆదర్శ్. "ఎలాగూ మన బండే కదా."

మన బండి. ఆ ఒక్క మాటతో మహేశ్ ఆదివారం పొద్దున్నే తన సొమ్ముతో డీజిల్ కొట్టించి, సీట్లు వెనక్కి వాల్చి, పరుపు వేసి వాళ్ల అపార్ట్‌మెంట్ ముందు నిలబెట్టాడు. అనంతగిరి పోయి వచ్చారు. లాగుడు బాగుందన్నాడు ఆదర్శ్, కానీ దూరం రోడ్డు మీద కూడా చూడాలన్నాడు. మళ్లీ ఆదివారం నాగార్జునసాగర్. దూరం రోడ్డు మీదా బాగుందన్నాడు, కానీ నిజమైన ఘాట్ మీద చూడాలన్నాడు. పిల్లిని సంకలో పెట్టుకుని పెళ్లికి పోయినట్టు మహేశ్ వెంట తిరిగాడు.

ఆ నడుమ స్వామి వచ్చాడు. గచ్చిబౌలి హాస్టళ్లకు భోజనాలు వండి పంపే మనిషి.

"మహేశన్నా, బండి ఇస్తున్నవట గద. నాకు సాంబార్ గిన్నెలు ఏసుకపోనీకి గావాలె. రేపే పైసలు తెచ్చిస్త."

"అమ్మిన తమ్మీ."

"ఎవలకు? తాళంచెవి నీ వేలికే ఊగుతుంది గద."

"చెయ్యి కలిపిన."

స్వామి జాలిగా చూశాడు. "కలిపిన చెయ్యి సబ్బు పెట్టి కడుక్కో అన్నా. రోజులు మంచిగ లెవ్వు."

లోపలినుంచి శ్రీలత గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడు వచ్చింది. మహేశ్ అయినా కదల్లేదు. సాయిలు కొడుకు ఒక బర్రెను ఇద్దరికి అమ్మాడని ఎవడూ అనగూడదు. ఆ పౌరుషం తిండి పెట్టదని అతనికి తెలుసు. తెలిసీ పట్టుకున్నాడు.

మూడో ట్రయల్ శ్రీశైలం. ఘాట్ మొదలు కాకముందు టీ కొట్టు దగ్గర ఆపారు. ఆదర్శ్ పిల్లకు కోతులను చూపించడానికి అటు పోయాడు. అతని భార్య ఉమాశ్రీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మహేశ్ దగ్గరికి వచ్చింది.

"మహేశ్ గారూ, ఇంకెవరైనా అడిగితే బండి ఇచ్చేయండి."

"చెయ్యి కలిపినం గద మేడం."

"ఆయన అందరితోనూ కలుపుతారండీ. రోజుకు పదిమందితో కలుపుతారు, ఆఫీసులో అదే పని. మా ఇంట్లో సోఫా ఏది కొనాలో రెండేళ్లుగా చూస్తున్నారు. మేం ఇంకా చాప మీదే కూర్చుంటున్నాం."

మహేశ్ టీ ఊదుకుంటూ నవ్వాడు. ఈమెకు డీజిల్ వాసన పడదు, అందుకే బేరం చెడగొట్టాలని చూస్తుంది అనుకున్నాడు. ఒక్కరంటే ఒక్కరు నిజం చెప్పారు, ఆ ఒక్కరినే నమ్మలేదు. ఘాట్ మీద మెలికలు తిరిగిన మలుపుల్లో బండిని ఇంకా పదిలంగా, ఇంకా గర్వంగా ఎక్కించాడు. ఆదర్శ్ వెనకనుంచి, "అబ్బ, ఏం లాగుతోందయ్యా," అన్నాడు. ఆ మాటకే మహేశ్ కడుపు నిండింది.

నెలలో చివరి రోజున ఆదర్శ్ అతన్ని పార్కింగ్‌లో నిలబెట్టి చెప్పాడు.

"పెట్రోలే తీసుకుంటున్నాం మహేశ్. కొత్తది. బుక్ చేసేశాను."

"డీజిల్ల తక్కువేమొచ్చింది సార్? ఘాట్ ఎక్కలేదా?"

"బ్రహ్మాండంగా ఎక్కింది. బండిని ఏమనడానికీ లేదు. కానీ నేను హరిత కమిటీలో ఉన్నవాణ్ణి కదా. నేనే డీజిల్ బండి కొని తిరిగితే, ఫొటోలు పెడితే, జనం ఏమనుకుంటారు చెప్పు?"

"ఆ సంగతి మొదటి దినమే తెల్వదా సార్? కమిటీల అప్పుడు లేరా?"

ఆదర్శ్ అటూ ఇటూ చూశాడు. ఎవరైనా వింటున్నారేమోనని.

"చెయ్యి కలిపినం గద సార్."

"అదేంటి మహేశ్, షేక్ హ్యాండే కదా. చిన్నపిల్లాడిలా మాట్లాడతావేంటి? నేను సంతకం పెట్టానా, అడ్వాన్స్ ఇచ్చానా?" అంతలోనే గొంతు మెత్తగా మార్చాడు. "నిన్ను వదలనులే. ఆదివారాలు కొత్త బండి నువ్వే నడుపు. ఘాట్ మీద నాకు ఇంకొకళ్ల మీద నమ్మకం లేదు."

"నేను డీజిల్ డ్రైవర్ను సార్. మీ బండ్ల పట్టను."

అక్కణ్నుంచి నేరుగా స్వామి దగ్గరికి పోయాడు. స్వామి పెద్ద గరిటెతో పప్పు కలియబెడుతూ అంతా విన్నాడు. అప్పటికే ఒక ట్రాలీ ఆటో కొనుక్కున్నాడు.

"నీ బండి కూడ తీసుకుంట అన్నా, కాదన. సీట్లు మాత్రం నువ్వే ఊడదీసి ఇయ్యాలె. ధర మాత్రం అప్పుడు ఇద్దామనుకున్నది కాదు. అప్పుడు గరజు నాదుండె. ఇప్పుడు నీది."

అప్పుడు అవసరం ఎవరిదో, ఇప్పుడు ఎవరిదో స్వామి విడమరిచి చెప్పక్కర్లేదు. అతను ఇస్తానన్న దానితో గ్యాస్ బండి రాదు. గ్యాస్ బండి రాకపోతే రూటు రాదు. మహేశ్ తల ఊపాడు. స్వామి వెంటనే అడ్వాన్సు తీసి లెక్కపెట్టకుండా మహేశ్ జేబులో కుక్కాడు.

మర్నాడు పొద్దున మహేశ్ ఊరికే ఆ కంపెనీ దాకా పోయాడు. ఎందుకు పోయావంటే చెప్పలేడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను, రోజూ సలాం కొట్టే మనిషి, బండికి అడ్డంగా కర్ర పెట్టాడు. అంతలో వెనకనుంచి ఒక ట్యాంకరు హారన్ కొట్టింది. మహేశ్ బండిని పక్కకు తీయించి, గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి ట్యాంకర్ను లోపలికి పంపారు.

"ఏందన్నా అది?" అన్నాడు మహేశ్.

"డీజిల్. కరెంటు పోతే లోపల జనరేటర్లకు. నువ్వు పరేషాన్ గాకు, అది బండి లెక్కల రాదు."

మహేశ్ ఒక బూతు మాట అన్నాడు. ఎవర్నన్నాడో సెక్యూరిటీ అతనికి అర్థం కాలేదు, తనని కాదని మాత్రం అర్థమైంది.

ఇంటికొచ్చి వాకిట్లో బండి నిలబెట్టి సీట్లు విప్పడానికి కూర్చున్నాడు. తుప్పు పట్టిన నట్లు పానాకు లొంగలేదు. ట్యాంకులోంచి కొంచెం డీజిల్ లాగి వాటి మీద పోసి, నానేదాకా గడప మీద కూలబడ్డాడు. శ్రీలత వచ్చి పక్కన కూర్చుంది. తిట్టడానికే వచ్చింది, అతని మొహం చూసి ఆగింది.

"ఇన్నేండ్లు ఎక్కినోళ్లల్ల ఒక్కరన్న అడిగిండ్రా నిన్ను?"

"అడిగిండ్రు. నిన్న ఫోన్ చేసి మరీ అడిగిండ్రు."

"ఏమని?"

మహేశ్ పానా అందుకున్నాడు.

"రేపటికెల్లి ఏ బండి వస్తదని."