బండ మీద పడుకున్నవాడు

రెంటచింతల అవతలి నాపరాళ్ళ క్వారీలో పని దిగాక, సగం మంది ఇంటికి పోయేముందు రోశమ్మ అరుగు దగ్గర ఆగుతారు. కంట్లో రాతిపొడో, నలుసో పడి ఉంటుంది. ఆమె రెప్ప ఎత్తి, నాలుక కొసతో నలుసు తీసేసి తర్వాతివాణ్ణి పిలుస్తుంది. అట్లా తీయించుకోవద్దని సైన్స్ టీచర్ రమాదేవి నెత్తీనోరూ కొట్టుకుంటుంది గానీ, కంట్లో సుద్దపొడి పడిన రోజు ఆవిడా అక్కడికే వచ్చింది.

నలుసులే కాదు, చూసి మరవలేనివాటిని కూడా రోశమ్మ తీస్తుంది. కోటేశ్వరమ్మ కంట్లోంచి ఆమె పెనిమిటిని కరిచిన పామును తీసింది. తీసినదాన్ని తీసినట్టే గోడకు అంటిస్తుంది. అటుదిటు తిప్పితే మళ్ళీ కంట్లోకే పోతుందట. అందుకే ఆ గోడకు సున్నం వేసి ఏళ్ళయింది.

రోశమ్మకు సొంత కొడుకే అయినా, చెన్నకేశవులు అక్కడికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. క్వారీలో తన కళ్ళెదుటే కొడుకు వెంకటేష్ పోయిన రోజునుంచీ అతను ఏది చూసినా ఉలిక్కిపడుతున్నాడు, అన్నం కంచం చూసినా సరే. పనికి పోవడం మానేశాడు. కొడుకును గుడ్డలో చుట్టి తెచ్చారు, తల్లి మల్లీశ్వరిని విప్పి చూడనివ్వలేదు. ఆమెది ఒకటే మాట. "వాడు నొప్పి పడ్డాడా, చెప్పు" అని రోజూ మొగుణ్ణి అడుగుతుంది. అతను చెప్పడు. ఆమె రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటుంది.

కూతురు భవిత తొమ్మిదో తరగతి. జిల్లా సైన్స్ పోటీకి కన్ను మోడల్ చేస్తోంది. గుండ్రటి గాజు ఫ్లాస్కులో నీళ్ళు, ముందు భూతద్దం, వెనక నూనె రాసిన కాగితం. గెలిస్తే విజయవాడ పోవచ్చు. ఆ ఇంట్లో ఎదురుచూడ్డానికి అదొక్కటే మిగిలింది.

ఆ ఆదివారం రోశమ్మ చెన్నకేశవులు రెప్ప ఎత్తి చాలాసేపు వెతికింది.

"నల్లగుడ్డు మీద ఏం లేదు గదరా" అంది.

"ముందర ఉండదు నాయనమ్మా. లెన్స్ దాటి వెనక గోడకు ఉంటది. రెటీనా అంటారు" అంది పక్కనే ఉన్న భవిత.

"ఎంత దూరమేందే?"

"అంగుళం కూడా లేదు."

రోశమ్మ ఊపిరి బిగబట్టి మళ్ళీ వంగింది. ఈసారి ఉల్లిపొర లాంటి బొమ్మ వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే గోడకు అంటించింది. పెద్ద నాపబండ. దాని మీద వెంకటేష్ బోర్లా పడుకుని ఉన్నాడు, మొహం ఇటు తిప్పి, కళ్ళు మూసుకుని.

మల్లీశ్వరి దగ్గరికి పోయి వేలితో తడిమింది. "నిద్రపోతన్నాడు. వాడెప్పుడూ బోర్లానే గదా పడుకునేది. మీద ఏం పడలేదు, చూడత్తా."

చెన్నకేశవులు కూడా చూశాడు. "ఇది నేను చూసిందేనా?" అన్నాడు. అతని కళ్ళు తేటపడ్డాయి. ఆ పూట మల్లీశ్వరి కడుపునిండా తింది. మర్నాడు అతను పనిలోకి పోయాడు.

భవితకే ముద్ద దిగలేదు. కంటి వెనక బొమ్మ తలకిందులుగా పడుతుందని ఆ గోడ ముందు నిలబడ్డవాళ్ళలో ఆమె ఒక్కదానికే తెలుసు. అంటే బండ పైన ఉంది. అన్న కింద ఉన్నాడు. పధ్నాలుగేళ్ళ పిల్ల, ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు.

పోటీ నరసరావుపేటలో. మల్లీశ్వరి ఇస్త్రీ చీర కట్టుకుని తోడు వచ్చింది. జడ్జి తన బల్ల దగ్గరికి వచ్చేముందు భవిత ఇంకో భూతద్దం తెచ్చి, మొదటిదానికి కాస్త ఎడంగా నిలబెట్టింది. కాగితం మీద తలకిందులుగా ఉన్న కొవ్వొత్తి మంట తిరగబడి నిటారుగా నిలిచింది.

"కంట్లో రెండు లెన్సులెక్కడివమ్మా? ఒకటి తియ్యి" అన్నాడు జడ్జి బ్రహ్మం.

భవిత తియ్యలేదు.

"పోనీ, రెటీనా మీద బొమ్మ ఎట్లా పడుతుందో నోటితో చెప్పు."

మల్లీశ్వరి వెనక నిలబడ్డ రమాదేవి, తలకిందులని చెప్పమని అరచెయ్యి తిరగేసి సైగ చేస్తోంది. మల్లీశ్వరి కూతురి నోటివంకే చూస్తోంది.

"నిటారుగానే పడుద్ది సార్" అంది భవిత. "ఉన్నది ఉన్నట్టే."

జడ్జి తన కాగితం మీద ఒక గీత గీసి పక్క బల్లకు వెళ్ళాడు. రమాదేవి మొహం తిప్పుకుంది.

"మన గోడ మీద వెంకటేష్ పడుకున్నట్టే గదా" అంది మల్లీశ్వరి, ముందుకు వచ్చి.

"అవునమ్మా" అంది భవిత.