కుడివైపు సీటు

నా భార్య గ్లెనిస్ పోయిన రోజున మా కారు పసిఫిక్ మీద ఓడలో ఉంది.

ఆ ఉదయం ఆమె పెరట్లో కోళ్ళకు మేత వేస్తూ కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. నేను అప్పుడు బడిలో పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి ఫోను చూసుకుంటే ఓడ కంపెనీ వాళ్ళ సందేశం ఉంది. మీ వాహనం క్షేమంగా ప్రయాణిస్తోంది అని. దానికి జవాబు ఇవ్వలేదు. చెరిపేయనూ లేదు.

కారు కోరిక గ్లెనిస్‌ది. చిన్నప్పుడు మా వింటన్ ఊరి పెద్ద వీధిలో ఎవరిదో ముదురాకుపచ్చ అమెరికా కారు, పాంటియాక్, ఒక పూట ఆగిందట. దాని ఇంజన్ చప్పుడుకు బేకరీ అద్దాలు వణికాయట. ఆ మాట ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. మాకు పిల్లలు లేరు. ఇంటి అప్పు తీరిపోయాక ఒక రోజు టీ తాగుతూ, "ఆల్విన్, ఇక ఆ కారు కొనుక్కుందాం" అంది. అప్పటికే కారు ఎక్కడుందో వెతికి పెట్టుకుంది.

జూలై సెలవుల్లో అమెరికా వెళ్ళాం. కాన్సస్‌లో, మంగలి షాపు మూసేసి ఇంటిపట్టున ఉంటున్న ముసలాయన దగ్గర దొరికింది. అరవై ఎనిమిదో సంవత్సరం బండి. ముదురాకుపచ్చే. గ్లెనిస్ దాని కిందికి దూరి, టార్చి వేసుకుని, తుప్పు కోసం చాలాసేపు వెతికింది. ముసలాయన నా పక్కన నిలబడి, "మీ ఆవిడ బండి కొనడానికి వచ్చిందా, ఆపరేషన్ చేయడానికా?" అన్నాడు. బయల్దేరేటప్పుడు దారిలో నమలడానికని పొద్దుతిరుగుడు గింజల సంచి ఒకటి ఆమె ఒళ్ళో పెట్టాడు.

రేవు ఉన్న లాస్ ఏంజెలిస్ దాకా ఆమే నడిపింది. అక్కడ రోడ్డుకు కుడిపక్కన నడుపుతారు, కాబట్టి స్టీరింగు ఎడమవైపు ఉండటం సబబే. కుడి సీట్లో నాకు పనేమీ లేదు. ఆమె గింజలు నములుతూ, పొట్టు అరచేతిలో ఊస్తూ, సగం కింద పోస్తూ నడిపింది.

"హాయిగా కూర్చో. ఇంటికెళ్ళాక నీకు డ్యూటీ ఉంది" అంది.

ఆ డ్యూటీ ఏమిటో నాకు తెలుసు. మా దేశంలో రోడ్డుకు ఎడమపక్కన నడుపుతాం. స్టీరింగు కూడా ఎడమవైపే ఉన్న బండిలో నడిపేవారు రోడ్డు అంచున కాలువ పక్కన కూర్చున్నట్టే. ముందు లారీ ఉంటే దాని వెనక తలుపులు తప్ప మరేమీ కనబడవు. ఎదురుగా ఏం వస్తోందో కుడి సీట్లో కూర్చున్నవారికే కనిపిస్తుంది. దాటవచ్చో లేదో వాళ్ళే చెప్పాలి. మా ప్రాంతంలో అమెరికా బండ్లున్న ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. కొందరు మోకాలి మీద తడతారు. ఒకాయన ఈల వేస్తాడు. కార్ల క్లబ్బులో ఒకావిడ, "పెళ్ళినాడు చేసిన ప్రమాణాలు సగం మర్చిపోయాడు గానీ, లారీ వెనకాల మాత్రం నా మాట వింటాడు" అనేది.

అమెరికా వెళ్ళకముందే క్లబ్బు స్నేహితుల బండి అడిగి తీసుకుని, కొన్ని ఆదివారాలు మేం సాధన చేశాం. మాకంటూ గ్లెనిస్ ఒక మాట పెట్టింది. దారుంది. అదొక్కటే.

"వెళ్ళు, ఆగు, చూడు, కొంచెం ఉండు, ఇవేవీ వద్దు. దారి ఉంటే దారుంది అను. అనుమానంగా ఉంటే నోరు విప్పకు. నువ్వు మాట్లాడకపోతే నేను కదలను."

"మాట్లాడకుండా ఉండటం నాకు చేతనైన పనే" అన్నాను.

"అందుకేగా నిన్ను చేసుకుంది."

ఆమె పోయాక కొన్ని వారాలకు కారు డునెడిన్ రేవులో దిగింది. బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ మా దేశంలో మట్టి, విత్తనం, పురుగు లేకుండా వెతికి గాని వదలరు. తనిఖీ చేసిన అమ్మాయి ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చింది. అందులో పొద్దుతిరుగుడు పొట్టు, కొన్ని గింజలు.

"ఇవి ఎవరు తిన్నారండీ?"

"మా ఆవిడ."

"సీటు కింద, పట్టాల సందుల్లో, ఎక్కడ చూసినా ఇవే. ఆవిడకు కాస్త చెప్పండి. ఒక్కటి మొలకెత్తినా మా పీకల మీదికొస్తుంది."

"చెబుతాను" అన్నాను. తరువాత అడిగాను, "గింజలు ఉంచేసుకుని, ఆ పొట్టు నాకిస్తారా?"

ఆ అమ్మాయి నా ముఖం చూసింది. ఏం అర్థమైందో తెలియదు. గొంతు తగ్గించి, "కుదరదండీ. మొత్తం కాల్చేయాలి" అంది.

"సరే" అన్నాను.

లోపలంతా కడిగి అప్పజెప్పారు. మందు వాసన తప్ప వేరే వాసన లేదు.

కారును లారీ మీద ఇంటికి చేర్చారు. రోడ్డెక్కడానికి కావలసిన పరీక్షలన్నీ పూర్తయ్యేసరికి వేసవి సెలవులొచ్చాయి. అంతవరకు అది షెడ్డులో దుప్పటి కింద ఉంది. గ్లెనిస్ చెల్లెలు రోనా బడి బస్సు నడుపుతుంది. అంత్యక్రియల నాటి నుంచి ప్రతి శుక్రవారం నాకు చీజ్ రోల్స్ తెచ్చిపెడుతోంది. ఒక శుక్రవారం దుప్పటి తనే లాగేసింది.

"మాస్టారూ, ఇదేమన్నా దొంగసొత్తా, ఇలా కప్పి దాచుకోవడానికి? మా అక్క దీంతో ఏం చేద్దామనుకుంది?"

"రివర్టన్ వెళ్ళి, సముద్రం వైపు తిప్పి ఆపి, అందులోనే కూర్చుని చేపలు తినాలనుకుంది."

"అంతేనా? దీనికోసం అమెరికా దాకా వెళ్ళారా? సరే, పద. నేను కుడి సీట్లో కూర్చుంటా."

అంతకుముందు ఎడమ సీట్లో కూర్చుని నేనెప్పుడూ నడపలేదు. ఊరు దాటగానే పాల ట్యాంకరు ఒకటి అడ్డం వచ్చింది. నాకు దాని వెండిరంగు గుండ్రని వెనకభాగం, అందులో మా కారు బొమ్మ చిన్నగా కనబడుతున్నాయి. ఇంకేమీ కనబడలేదు. రోనా నోరు మూతపడలేదు. మెక్‌లీన్ వాళ్ళ పొలంలో గొర్రెలు చిక్కిపోయాయని, చర్చి పైకప్పుకు మళ్ళీ చందాలడుగుతున్నారని చెబుతూ చెబుతూ, "వెళ్ళు, వెళ్ళు, ఏం చూస్తున్నావ్, ఖాళీగానే ఉందిగా, వెళ్ళు" అంది. నేను కుడికి తిప్పాను. "ఆగాగాగు, ట్రాక్టరు" అంది.

వెనక్కి తీసుకోగలిగాను. ట్రాక్టరు మీద గడ్డికట్టలు మా అద్దానికి చేరువగా వెళ్ళిపోయాయి. తరువాతి మలుపులో వెనక్కి తిప్పి ఇంటికి వచ్చేశాం.

షెడ్డులో ఇంజన్ ఆపాక రోనా అంది, "అది వంపులోంచి వచ్చింది. నాకు కనబడలేదు."

"తెలుసు."

"అమ్మేయ్, మాస్టారూ. ఇది ఒంటరి మనిషి బండి కాదు."

గోర్ ఊరి నుంచి టల్లక్ అనే ఆయన మరుసటి శనివారం కారు చూడటానికి వచ్చాడు. రోనాయే కబురు పెట్టింది. ఆయన కారు చుట్టూ తిరిగాడు, తలుపు వేసి చప్పుడు విన్నాడు, తృప్తిగా తలాడించాడు. మంచి మనిషే. నాతో దాపరికం లేకుండా మాట్లాడాడు.

"కొన్నాక నేను చేసే మొదటి పని స్టీరింగు కుడివైపుకు మార్పించడం. డాష్‌బోర్డు కోసి, ఇటుదటు చేయాలి. కోత పెట్టినట్టు తెలియనివ్వని కుర్రాళ్ళున్నారు నా దగ్గర."

"ఎడమవైపు ఉంచితే మీకేం ఇబ్బంది?"

"నా భార్య కార్లో నిద్రపోతుందండీ. ఎక్కిందంటే చాలు, గుర్రు. ఆవిడ మీద భరోసా పెట్టుకుంటే ఎప్పుడో లారీ కింద లేస్తాం ఇద్దరం." నవ్వి, మళ్ళీ సర్దుకున్నాడు. "మీకు అమ్మాలని లేకపోతే నేను బలవంతం చేయను. అప్పుడు మీరైనా మార్పించుకోండి. మార్పిస్తే ఎవరి అవసరమూ లేకుండా మీరొక్కరే ఎక్కడికైనా వెళ్ళొచ్చు."

సోమవారం చెబుతానన్నాను.

ఆయన వెళ్ళాక కుడి సీట్లో కూర్చున్నాను. ఎవరి అవసరమూ లేకుండా అన్న మాట దగ్గరే ఉండిపోయాను. అది మంచి సలహా. పిల్లలు అలా ఆలోచించి లెక్క చేస్తే నేను మార్కులు వేస్తాను. కానీ గ్లెనిస్ ఆ కారును కొన్నది ఇద్దరి కోసం. స్టీరింగు ఇటు వస్తే ఈ సీట్లో చేయాల్సిన పని ఉండదు. ఆ పని నాకు ఇచ్చి, ఈ బండిలో ఇక్కడి రోడ్ల మీద నేను ఒక్కసారి కూడా చేయకముందే ఆమె వెళ్ళిపోయింది.

ఆదివారం రోనాను పిలిచాను. బడిలో కొత్త పాఠం చెప్పినట్టు చెప్పాను. ఒకే మాట. దారి ఉంటేనే. అనుమానం ఉంటే మౌనం.

"మౌనమా? నాకా?" అంది. "బస్సులో నలభైమంది పిల్లల గోలలో బతికేదాన్ని. నోరు మూసుకుంటే నిద్రొస్తుంది నాకు."

"టల్లక్ గారి భార్యలాగానా?"

"అబ్బో, మాస్టారు జోకులేస్తున్నారు." నా వైపు చూసి కళ్ళు దించుకుంది. "సరే. మా అక్క పెట్టిన రూలు కదా. చూద్దాం."

థార్న్‌బరీ మీదుగా బయల్దేరాం. రోనా చేతులు ఒళ్ళో కట్టుకుని, కొంచెం కుడికి ఒరిగి, ముందుకే చూస్తూ కూర్చుంది. మెక్‌లీన్ పొలం దాటాం. ఆమె గొర్రెల సంగతి ఎత్తలేదు. వంతెన దాటాక పాల ట్యాంకరు పక్క దారిలోంచి వచ్చి మా ముందు చేరింది. మళ్ళీ అదే గుండ్రని వెండి వెనకభాగం. నెమ్మదిగా పోతోంది. నేను దాని వెంటే పోయాను. వంపుల్లో ఆమె నోరు విప్పలేదు. చిన్న మిట్ట దగ్గర విప్పలేదు. ఎదురుగా వచ్చిన కారు మమ్మల్ని దాటిపోయాకగాని నాకు తెలియలేదు, ఆమె ఎందుకు ఊరుకుందో.

మిట్ట దిగాక రోడ్డు తిన్నగా సాగుతుంది. అది నాకు జ్ఞాపకమే. రోనా ఒరిగి, చాలాసేపు చూసింది. తరువాత మెల్లగా, గొంతు పెంచకుండా అంది.

"దారుంది."

గొంతు అక్కలాంటిది కాదు. కానీ పలకవలసిన తీరులోనే పలికింది. తొందర లేదు, అనుమానం లేదు. నేను విన్నాను. కాలు కదలలేదు. ఆ మాట అనవలసింది నేను, వినవలసింది గ్లెనిస్. ఆమె మరోసారి అనలేదు, ఎందుకని అడగలేదు. తిన్నని రోడ్డు పొడుగునా ట్యాంకరు వెనకే వెళ్ళాం. చివరికి దాని ఎడమ లైటు వెలిగి, ఒక డెయిరీ గేటులోకి తిరిగింది. ముందు ఉన్నట్టుండి ఆకాశం కనబడింది.

రివర్టన్‌లో సముద్రం వైపు తిప్పి ఆపాను. బ్లూ కాడ్ చేపలు, బంగాళాదుంప ముక్కలు కాగితంలో కట్టించుకొచ్చాం. రోనా ఉప్పు దులుపుతూ, "ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది.

"మాట్లాడు."

"నేను సరిగ్గానే అన్నానా?"

"సరిగ్గానే అన్నావు."

"మరి?"

సముద్రపు పక్షులు కారు ముందు నడుస్తున్నాయి. వాటి వైపు చూస్తూ, "వచ్చే ఆదివారం కూడా రా" అన్నాను.

"వస్తాను. చీజ్ రోల్స్ మాత్రం ఇక నువ్వే చేయాలి." వేళ్ళు తుడుచుకుని, "రేవులో దొరికిందన్నావే, ఆ పొట్టు మా అక్క నిజంగా సీటు కింద పోసేదా?" అంది.

"పోసేది."

ఆమె చేతిలోని కాగితాన్ని మడిచి, నూనె మరక పడకుండా ఒళ్ళోనే పెట్టుకుంది.

సోమవారం టల్లక్‌కు ఫోను చేసి, అమ్మడం లేదని, మార్పించడం కూడా లేదని చెప్పాను. "మీ ఇష్టం మాస్టారూ, బండి మాత్రం భలే ఉంది" అన్నాడు.

స్టీరింగు ఎడమవైపే ఉంది. ఆదివారాలు రోనా వస్తుంది. దారి ఉన్నప్పుడు చెబుతుంది. నేను ఇంతవరకు ఏ బండినీ దాటలేదు.